ఇరవై రెండు బారల లోతు

మా అయ్య కంటికి శుక్లం తీశాక మర్నాడు కట్టు విప్పింది నేనే. సీతమ్మధారలో ఓ చిన్న కంటి ఆసుపత్రిలో నర్సుని కాబట్టి ఆ పని ఎలాగూ నా మెడకే పడింది. కట్టు విప్పగానే ఎవరైనా ముందు ఎదురుగా ఉన్న మనిషి మొహం చూస్తారు. మా అయ్య నన్ను చూడలేదు. కిటికీ వైపు తిరిగి, ఎక్కడో దూరాన ఉన్నదాన్ని కొలుస్తున్నట్టు కన్ను చికిలించాడు. చికిలించొద్దని, రోజంతా అందర్నీ కసిరే గొంతుతోనే ఆయన్నీ కసిరాను. ఆయన పట్టించుకోలేదు.

"కళ్ళొచ్చాయి గదమ్మా. ఒకపాలి అక్కడికెల్లొద్దాం," అన్నాడు.

అక్కడికంటే ఎక్కడికని నేను అడగలేదు. చుక్కల మందు సీసా మూత బిగిస్తూ, వచ్చే ఆదివారం కుదరదన్నాను. ఆ పై ఆదివారం కూడా కుదరదన్నాను. ఆయన వెళ్ళాలన్న చోటు సముద్రం అడుగున ఉన్న ఒక రాతి దిబ్బ. ఇప్పుడది దిబ్బ కాదని నాకు తెలుసు. దాని సంగతి బయటపెట్టి నాశనం చేయించింది నేనేనని ఆయనకి తెలుసో తెలీదో, అది మాత్రం పదేళ్ళుగా నాకు అంతుబట్టలేదు.

మాది చేపలు పట్టే పేట. హార్బర్ నిండా పెద్ద బోట్లు వచ్చినా అయ్య చివరిదాకా చిన్న పడవనే నమ్ముకున్నాడు. సముద్రం పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది గానీ కింద బురద వేరు, ఇసక వేరు, రాయి వేరు. రాయి ఉన్నచోట నాచు పడుతుంది, గుల్లలు అంటుకుంటాయి. ఆ సందుల్లో చిన్న చేప దాక్కుంటుంది, దాన్ని తినడానికి పెద్ద చేప వస్తుంది. అలాంటి దిబ్బ ఒకటి మా తాతకి దొరికింది. వల చిరిగితే దొరికింది. పడవలో మిగతావాళ్ళు వల పోయిందని తిట్టుకుంటుంటే తాత మాత్రం నోరు మూసుకుని, ఒడ్డు వైపు చూసి కొండల్ని గుర్తుపెట్టుకున్నాడట.

నీళ్ళ మీద గీత గీయలేం కదా. అందుకని ఒడ్డున కనిపించేవాటితోనే గీతలు గీసుకునేవారు. సింహాచలం కొండల వరసలో ఎద్దు మూపురంలాంటి చిన్న కొండ ఒకటుండేది. సముద్రంలోంచి చూస్తే ఆ మూపురం ఊళ్ళోని తెల్ల నీళ్ళ ట్యాంకు నెత్తిన సరిగ్గా కూర్చోవాలి. అది ఒక గీత. దక్షిణానికి తిరిగితే లైట్‌హౌసు, దాని వెనకున్న యారాడ కొండ రెండో మిట్టని కప్పెయ్యాలి. అది రెండో గీత. రెండూ ఒకేసారి కుదిరినచోట సీసం గుండు వదిలితే ఇరవై రెండు బారల దగ్గర రాయి తగులుతుంది. రెండు చేతులూ చాచినంత పొడవు ఒక బార. గుండు అడుగున చిన్న గుంట చేసి, అందులో బట్టల సబ్బు ముక్క అదిమేవాడు అయ్య. పైకి లాగినప్పుడు సబ్బుకి బురద అంటుకొస్తే చోటు తప్పినట్టు. గుల్ల ముక్కలు అంటుకొస్తే చేరినట్టు.

చోటు తెలుసు కదా అని రోజూ పరిగెత్తేవాడు కాదు. తుఫానుల తర్వాత, వలలు ఖాళీగా వచ్చే వారాల్లో, ఇంట్లో ఇక అన్నంలోకి పచ్చడే అన్నప్పుడు మాత్రమే వెళ్ళేవాడు. వల వేసేవాడు కాదు, గేలమే. ఒక తట్ట నిండాక చేప ఇంకా ఎర లాగుతున్నా సరే, గేలం చుట్టేసేవాడు. దూరాన ఇంకో పడవ కనిపిస్తే అక్కడ ఆగకుండా దాటిపోయి, ఏమీ దొరకని చోట ఓ గంటసేపు ఉత్తుత్తి వేట ఆడేవాడు. ఒడ్డుకొచ్చాక గంగమ్మకి మా మీద దయ లేదని నలుగురూ వినేలా తిట్టేవాడు. దొరికిన బొంత చేపల్ని అమ్మ హార్బర్‌లో వేలానికి పెట్టేది కాదు. రాళ్ళలో బతికే చేప అది, పేటలోవాళ్ళు చూస్తే ఎక్కడిదని ఆరా తీస్తారు. అందుకే తట్ట మీద తడిగుడ్డ కప్పి, కాలనీల వెంట తిరిగి అమ్మేది. మా ఇంట్లో అబద్ధమాడితే వీపు చిట్లేది, ఈ ఒక్క విషయంలో తప్ప. చిన్నప్పుడు నాకిదంతా భలే సరదాగా ఉండేది.

ఇలాంటి ఆనవాళ్ళు తండ్రి కొడుక్కి చెబుతాడు. కూతురికి చెప్పడు. కూతురు పెళ్ళయి ఇంకో ఇంటికి పోతుంది, ఆనవాలూ ఆమె వెంట పోతుంది. నాకు అన్నదమ్ములు లేరు. అయ్య ఎన్నాళ్ళు మథనపడ్డాడో తెలీదు గానీ, నేను నర్సింగ్ చదువుతున్న రోజుల్లో ఓ సాయంత్రం ఒడ్డున కూర్చోబెట్టి, ఇసకలో గుల్లలు పేర్చి, ఇది మూపురం, ఇది ట్యాంకు, ఇది లైట్‌హౌసు అని చెప్పాడు. నా చేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు. మా పేటలో ఆడవాళ్ళు వేటకి వెళ్ళరు. నేను ఆ చోటుని ఎన్నటికీ చూడనని ఇద్దరికీ తెలుసు.

"నీ కాడుంటే సాలు. నాను పోయినా అది ఉండాల," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. లాకరు తాళం చేతికిచ్చి బ్యాంకు గుమ్మం తొక్కొద్దన్నట్టుంది.

మేనత్త కొడుకునే చేసుకుని అయ్య దగ్గరే మా ఇంట్లో ఉండిపోయాను. బావ పెద్ద బోటు మీద డ్రైవరు. హార్బర్‌లో బోటు నడిపేవాణ్ణి డ్రైవరనే అంటారు. ఎటు వెళ్ళాలో, ఎక్కడ వల దించాలో అతనిష్టం. చేప పడకపోతే తిట్లన్నీ కూడా అతనికే. మా పెళ్ళయ్యేనాటికే బోట్లు పెరిగిపోయాయి, వల కన్ను చిన్నదైపోయింది. వేలెడంత పిల్లచేపల్ని కూడా ఊడ్చుకొచ్చి, ఎండబెట్టి, కోళ్ళ మేతకి పంపేవాళ్ళు. పిల్లల్ని కోళ్ళకి పెట్టేసి, పెద్ద చేపలు రావడం లేదేమిటని పేటంతా ఆశ్చర్యపోయేది. బావా ఆశ్చర్యపోయేవాడు. ఏటా వేసవిలో చేప గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు వేట ఆపుతారు. పస్తులుండి మరీ ఆపుతాం. మళ్ళీ తెరిచిన రోజు హార్బర్‌లో ఒక్క బోటు మిగలదు. రెండు నెలలు సముద్రం దాచుకున్నది రెండు వారాల్లో ఊడ్చుకొచ్చేస్తాం. ఎవరికి వాళ్ళు, నేను ఆగితే పక్కవాడు ఆగుతాడా అంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి నాకింతవరకూ తగల్లేదు.

బావ వరసగా మూడు ట్రిప్పులు ఐసు కరిగిపోయి ఖాళీగా తిరిగొచ్చాడు. నాలుగో ట్రిప్పుకి వేరే డ్రైవర్ని చూసుకుంటానని బోటు ఓనరు చెప్పేశాడు. ఆ మధ్యాహ్నం బావ కంచం ముందు కూర్చుని అన్నం కెలికాడు తప్ప ముద్ద ఎత్తలేదు. నాకు జాలేసింది. నిజం చెప్పాలంటే జాలి ఒక్కటే కాదు. పేటలో డ్రైవరు పెళ్ళాన్నన్న గొప్ప కూడా ఉండేది నాకు, అది పోతుందని భయం. పైగా నా దగ్గరున్నవి ఉత్త మాటలు. సముద్రం మీదికి ఒక్కసారీ వెళ్ళని దాని నోట్లో ఉన్న మాటలకి ఏపాటి విలువుంటుంది? ఉన్నా ఒక్కసారికి పనికొస్తాయేమో. అలా సర్దిచెప్పుకుని, మూపురం, ట్యాంకు, లైట్‌హౌసు, ఇరవై రెండు బారలు, అన్నీ చెప్పేశాను.

"ఒక్కపాలే బావా. గేలమే ఎయ్యి," అన్నాను.

బావ నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ ఒట్టు దొంగ ఒట్టు కాదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ పెద్ద బోటు మీద ఎనిమిదిమంది ఉంటారు, అందరి కళ్ళ ముందూ జీపీఎస్ పెట్టె ఉంటుంది. చోటు దొరకగానే అలవాటు ప్రకారం బావ దాని బొత్తాం నొక్కాడు. మూడు తరాలు మా ఇంటి తలకాయల్లో దాగిన చోటు రెండు అంకెలైపోయింది. అంకెలు ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి పోవడానికి ఎంతసేపు?

ఆ ట్రిప్పు బోటు నిండిపోయింది. ఓనరు బావని కౌగలించుకుని కొత్త చొక్కా పెట్టాడు. రెండో ట్రిప్పు, మూడో ట్రిప్పు కూడా అక్కడికే. మా పాత పెంకుటిల్లు పడగొట్టి, ఎత్తు పెంచి స్లాబు ఇల్లు కట్టుకున్నది ఆ సీజన్లోనే. మరుసటి సీజన్‌కి అక్కడ పది బోట్లు చేరాయి. రాళ్ళకి వలలు చిరుగుతున్నాయని వల అంచుకి లావుపాటి ఇనుప గొలుసులూ రబ్బరు చక్రాలూ కట్టారు. ఇక రాయి తగిలినా వల చిరగదు, రాయే విరుగుతుంది. నాచూ గుల్లలూ లేచిపోయాయి, చేపలు పోయాయి. ఆ పై ఏడాది, అక్కడ ఏమీ లేదెహే అని విసుక్కుని బోట్లన్నీ ఇంకో చోటికి పోయాయి.

ఓ రోజు అయ్య వేటకి వెళ్ళి పొద్దెక్కకముందే వచ్చేశాడు. తట్ట ఖాళీగా ఉంది. ఆ రోజు గంగమ్మని తిట్టలేదు. గేలం తాడు మేకుకి తగిలించి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన లేచి అడుగుతాడని, అడగ్గానే కాళ్ళ మీద పడదామని, ఏడుపు కూడా సిద్ధం చేసుకుని వంటింట్లో కూర్చున్నాను. అడగలేదు. ఆ నెల అడగలేదు, ఆ ఏడు అడగలేదు. తిడితే పడొచ్చు. తిట్టని మనిషితో ఏం చెయ్యాలి? ఒక్కోసారి నాకే ఆయన మీద కోపమొచ్చేది, ఇంత సౌమ్యంగా కూర చాలా బాగుందంటూ అన్నం తింటాడేమిటని. అమ్మ పోయింది. పడవ పాతబడితే అమ్మేశాడు. ఇక్కడ పని లేక బావ గుజరాత్ బోట్ల మీదికి పోయాడు, పేటలో సగంమంది మగాళ్ళు అక్కడే ఉన్నారు. నేను ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ ఎదురుచూడ్డం కూడా మానేశాను. తప్పు చేసిన బాధ కంటే దాన్ని మోస్తూ తిరగడమే ఎక్కువ విసుగు పుట్టిస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

కట్టు విప్పాక అయ్య మాత్రం అక్కడికి వెళ్దామనడం మానలేదు. కన్ను పూర్తిగా మానే దాకా ఆగమని డాక్టరుగారి చేత చెప్పించాను. ఆగాడు. కన్ను మానింది. సాకులన్నీ అయిపోయాయి. ఆ ఆదివారం తెల్లవారకుండానే చొక్కా తొడుక్కుని, సీసం గుండూ సబ్బు ముక్కా సంచిలో వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

వెళ్ళేముందు బావకి ఫోన్ చేసి ఆ అంకెలు పంపమన్నాను. ఊళ్ళో నీళ్ళ ట్యాంకు పడగొట్టేశారని నాకు తెలుసు, అయ్యకి తెలీదు. ఎందుకైనా మంచిదని అడిగానే గానీ, వాటి అవసరం రాకూడదనే నా కోరిక. బావ రెండు అంకెలూ పంపి, కింద "మామకి తెల్సా?" అని రాశాడు. నేను ఫోను సంచిలో వేసుకున్నాను.

నాకు తమ్ముడి వరసయ్యే చిన్నాన్న కొడుక్కి ఇంజను పడవ ఉంది. తమ్ముడు అయ్యని ఎక్కించుకున్నాడు గానీ, నేను కూడా వస్తానని తెలిసేసరికి తల గోక్కున్నాడు. ఆడమనిషి పడవెక్కితే గంగమ్మకి కోపమొస్తుందని మావాళ్ళ నమ్మకం. వాడికి అయ్య సర్దిచెప్పాడు. "కోపమొచ్చి పట్టుకుపోడానికి ఇంకేటి మిగిలిందిరా? ఎక్కమ్మా," అని చెయ్యందించాడు.

సూర్యుడు పైకి రాకముందే హార్బర్ దాటాం. లంగరేసిన ఓడల్ని దాటేసరికి నాకు రెండుసార్లు వాంతయింది. నలభై ఏళ్ళుగా నేను బతుకుతున్న ఊరిని సముద్రం వైపు నుంచి అదే మొదటిసారి చూడ్డం. ఎవరిదో ఊరులా ఉంది. అయ్య మాత్రం ముందు కొసన నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన వెన్ను నిటారుగా ఉంది.

లైట్‌హౌసు దొరికింది. దాని వెనక మిట్ట దొరికింది. అయ్య ఉత్తరానికి తిరిగాడు. తమ్ముణ్ణి కాస్త ముందుకి పొమ్మన్నాడు, కాస్త వెనక్కి రమ్మన్నాడు, మళ్ళీ ముందుకి పొమ్మన్నాడు.

"మూపురమేదమ్మా?" అన్నాడు.

మూపురం లేదు. అది ఉండాల్సిన చోట నిలువుగా కోసిన ఎర్రటి గోడ ఒకటి ఉంది, దాని ముందు సముద్రం వైపు మొహం పెట్టిన అపార్ట్‌మెంట్ల వరస ఉంది. ఆ దారిలోనే ఏళ్ళ తరబడి బస్సులో పోయాను. ఎర్రమట్టి లారీలు అడ్డమొస్తే డ్యూటీకి ఆలస్యమవుతోందని వాటిని తిట్టుకున్నాను గానీ, తలెత్తి కొండ ఎంత మిగిలిందో ఒక్కసారీ చూడలేదు. చూసినా అనేదేముంది? మా ఇల్లు ఎత్తు పెంచినప్పుడు పునాదిలో నింపింది ఆ మట్టే. లారీని మాట్లాడి తెప్పించింది నేనే. మా ఇంటి కిందా ఆ కొండే ఉంది, ఇంటి గోడల్లోనూ ఆ చేపల డబ్బే ఉంది.

అయ్య చేత్తో కన్ను తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. చివరికి కొసన చతికిలబడిపోయాడు.

"డాక్టరు బాబు అద్దం సరిగా ఎట్టనట్టున్నాడమ్మా. నాకు కొండ అవుపడ్డం నేదు," అన్నాడు.

పదేళ్ళు నోరు మూసుకున్నదాన్ని, ఆ మాట మాత్రం భరించలేకపోయాను. ఆ వయసులో వచ్చిన చూపు మీద కూడా ఆయనకి నమ్మకం పోతే ఇక నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు.

"కన్ను బానే ఉన్నాదయ్యా. కొండే నేదు. తవ్వీసినారు," అన్నాను. ఆయన తల తిప్పలేదు. నేను ఫోను బయటికి తీశాను. "సోటు ఇందులో ఉన్నాది. ఆనవాలు బావకి నానే సెప్పినాను."

ఇంజను కొట్టుకుంటోంది. తమ్ముడు ఎటో చూస్తున్నాడు. అయ్య ఆ ఎర్ర గోడ వైపే చూస్తూ, "ఎటు?" అన్నాడు. అంతే.

నేను ఫోను చూసి చేత్తో చూపిస్తుంటే తమ్ముడు పడవ తిప్పాడు. మేమున్న చోటుకి పెద్ద దూరం కూడా లేదు, అయ్య అంచనా దాదాపు సరిపోయింది. ఇంజను ఆపాక ఆయన గుండుకి సబ్బు అదిమి నీళ్ళలోకి వదిలాడు. తాడు బార బార చొప్పున చేతుల్లోంచి జారుతుంటే లోలోపల లెక్కపెడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. ఇరవై రెండు దగ్గర తాడు ఆగలేదు. ఇంకాస్త దిగి, మెత్తగా ఆగింది. పైకి లాగితే సబ్బు కనిపించనంత బురద. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకూ వాసనొచ్చింది, మూసేసిన డ్రైనేజీ తెరిచినట్టుంది. కడిగి మళ్ళీ వదిలాడు. నాలుగు బారలు పక్కకి జరిపించి మళ్ళీ వదిలాడు. బురదే.

గేలం వేశాడు. ఎర కొరికే దిక్కు లేదు. ఓ గంట తర్వాత గేలం దేనికో పట్టేసింది. తమ్ముడు కూడా చెయ్యి వేసి లాగితే ఆకుపచ్చ నైలాను వల పీలిక ఒకటి పైకొచ్చింది. అందులో చిక్కుకుని పిడికెడంత రాయి, ఒక వైపు తెల్లగా విరిగి, ఇంకో వైపు చచ్చిన గుల్లలు అంటుకుని ఉంది. తమ్ముడు ఇంజను దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను చూడ్డం లేదనుకుని అయ్య ఆ రాయిని వలలోంచి విడదీసి, బొటనవేలితో గుల్లల మీది బురద తుడిచి, లుంగీ మడతలో దోపుకున్నాడు.

తర్వాత గొంతు సవరించుకుని, "ఇది కాదమ్మా," అన్నాడు. "అల్లుడు అంకెలు తప్పుగా రాసుకున్నాడు. మనది ఇంకా లోపలికున్నాది. దానికేటీ అవనేదు."

ఇదేనయ్యా అనబోయాను. లుంగీ మడత దగ్గర ఆ రాయి ఎత్తుగా కనిపిస్తూనే ఉంది.

తమ్ముడు పడవని ఒడ్డు వైపు తిప్పాడు. ఉప్పుగాలికి అయ్య కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. మందు వేసే వేళ కూడా దాటిపోయింది. నేను సంచిలోంచి చుక్కల సీసా తీసి, పడవ ఊగుతుంటే ఆయన ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచాను. అంత దగ్గరగా ఆయన మొహం నేను చూసి ఎన్నాళ్ళయిందో. ఆయన కూడా నన్నే చూస్తున్నాడు. ఇంజను చప్పుడులో తమ్ముడికి వినిపించకుండా, అప్పుడు ఒడ్డున ఇసకలో గుల్లలు పేర్చిన రోజు గొంతుతోనే అన్నాడు.

"ఈపాలి ఎవులికీ సెప్పకు తల్లీ."

"సెప్పనయ్యా," అన్నాను.

చుక్క వేసి, కాసేపు రెప్ప మూసి ఉంచమన్నాను.